కారు పైన సోలార్ ప్యానెల్ పెడితే పోతూ పోతూనే ఛార్జ్ అవుతుందా? నగరి ఎండలో పెట్టి చూశాను

ఈసారి ఫోన్ కాదు, ఇయర్‌బడ్స్ కాదు. ఎలక్ట్రిక్ కారు, దాని నెత్తిన సోలార్ ప్యానెల్. లెక్కల్లోకి వెళ్ళే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. తప్పు నాదే.

మాది నగరి. నేను బీటెక్ ఈసీఈ చదివి చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. మా మామకి ఊళ్ళో నాలుగు పవర్‌లూమ్‌లు ఉన్నాయి. నేసిన గుడ్డ తీసుకుని వారానికి మూడుసార్లు తిరుపతికి పోయొస్తాడు. రానూపోనూ 110 కిలోమీటర్ల దాకా అవుతుంది. పెట్రోల్ ఖర్చు తట్టుకోలేక పోయిన ఏడాది 24 యూనిట్ల బ్యాటరీ ఉన్న చిన్న ఎలక్ట్రిక్ కారు కొన్నాడు.

సంక్రాంతి పండక్కి అందరం భోజనాల దగ్గర ఉన్నప్పుడు మామ అడిగాడు: "ఏరా, కారు మీద సోలార్ పెడితే పోతా పోతానే ఛార్జింగ్ ఎక్కుతాది కదా?" నేను ఫోన్ చూసుకుంటూ "ఎక్కుతుంది మామా" అనేశాను. అంతే. ఆ మాట నేను మర్చిపోయాను, మామ మర్చిపోలేదు.

మే నెలలో ఇంటికి పోతే ఒక కొటేషన్ కాగితం చేతిలో పెట్టాడు. కారు పైన ప్యానెల్స్, స్టాండు, కంట్రోలర్, బ్యాటరీ, ఇన్వర్టర్ అన్నీ కలిపి 85,000 రూపాయలు. 10,000 అడ్వాన్స్ అప్పటికే ఇచ్చేశాడు. "ఇంక ప్లగ్గు పెట్టే పనే ఉండదంట రా. నువ్వే కదా చెప్పినావు, బీటెక్ చదివినోడివి."

నాకు గొంతులో ముద్ద దిగలేదు. "వారం రోజులు ఆగు మామా, లెక్క వేసి చెప్తా" అన్నాను. ఆ వారంలో చేసిందంతా ఇదిగో, మీ కోసం.

వాట్ వేరు, యూనిట్ వేరు

ఈ రెండూ కలిపేయడం వల్లే సగం గందరగోళం. కుళాయిలో నీళ్ళు ఎంత ధారగా వస్తున్నాయో అది వాట్. బిందెలో ఎన్ని నీళ్ళు పడ్డాయో అది యూనిట్. 1,000 వాట్ల ధార ఒక గంట పడితే 1 యూనిట్. దాన్నే కిలోవాట్-అవర్ అంటారు.

మన భాషలో చెప్పాలంటే, 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో పట్టేది సుమారు 19 వాట్-అవర్లు. మామ కారు బ్యాటరీలో 24,000 వాట్-అవర్లు. అంటే దాదాపు 1,250 ఫోన్లు ఒకేసారి ఛార్జింగ్‌కి పెట్టినట్టు. ఇది గుర్తుపెట్టుకుంటే మిగతాది సులువు.

కారు నడవడానికి ఎంత ధార కావాలి?

సమతలం రోడ్డు మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు కారు ముఖ్యంగా రెండింటితో పోరాడుతుంది: టైర్ల రాపిడి, గాలి అడ్డంకి. ఇంటర్ ఫిజిక్స్ సూత్రమే: కావాల్సిన శక్తి = బలం × వేగం. మనుషులతో కలిపి 1,300 కిలోల చిన్న కారుకి గంటకి 60 కిలోమీటర్ల వేగంలో నేను వేసిన లెక్క ఇది:

- టైర్ల రాపిడికి: సుమారు 2,500 వాట్లు
- గాలిని చీల్చుకుని పోవడానికి: సుమారు 1,900 వాట్లు
- మోటారు, గేర్, ఇన్వర్టర్‌లలో వేడిగా పోయేది: సుమారు 800 వాట్లు
- మన ఎండకి ఏసీ: సుమారు 800 వాట్లు

మొత్తం 6,000 వాట్లు. అంటే కిలోమీటరుకి 100 వాట్-అవర్లు. మామ కారు డిస్‌ప్లేలో ఆ వేగానికి చూపించేది కూడా అటూ ఇటూగా ఇదే.

వేగం 80కి పెంచితే? టైర్లకి 3,400 అవుతుంది. గాలికి మాత్రం 1,900 కాస్తా 4,400 అవుతుంది, ఎందుకంటే గాలికి కావాల్సిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. అన్నీ కలిపితే 10,000 వాట్లకి చేరుతుంది.

పైకప్పు ఎంత ఇస్తుంది?

ఇక్కడ పేపర్ లెక్క ఒక్కటే చాలదనిపించింది. 100 వాట్ల ప్యానెల్ ఒకటి, ఎంపీపీటీ కంట్రోలర్ ఒకటి, డీసీ వాట్‌మీటర్ ఒకటి కొన్నాను. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఎలాగూ ఉంది. మే మొదటి వారం, మిట్టమధ్యాహ్నం, మామ మిద్దె మీద ప్యానెల్‌ని కారు పైకప్పు లాగే చదునుగా పడుకోబెట్టాను.

12 గంటలకి మీటర్‌లో 81 వాట్లు. ఒంటిగంటన్నరకి 74కి పడింది. మబ్బు లేదు, దుమ్ము లేదు. చెయ్యి పెడితే ప్యానెల్ పెనం లాగా ఉంది. ఒక బకెట్ నీళ్ళు పోశాను. నిమిషంలో మళ్ళీ 80 దాటింది!

కారణం ఏంటంటే, ప్యానెల్ మీద రాసిన 100 వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. ఆ పైన ఒక్కో డిగ్రీకి సుమారు 0.35 శాతం తగ్గుతుంది. మన ఎండలో సెల్ 65 డిగ్రీలకి పోవడం మామూలే. 40 డిగ్రీలు ఎక్కువంటే 14 శాతం ఆవిరి. సోలార్‌కి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. "మన ఊరి ఎండకి సోలార్ ఇరగదీస్తుంది" అనేది సగమే నిజం.

ఇంకో విషయం. నగరి 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివర్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు, నీడ కాళ్ళ కిందే పడుతుంది. అప్పుడు చదునుగా ఉన్న ప్యానెల్‌కి మంచిదే. డిసెంబర్‌లో మాత్రం మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. చదును ప్యానెల్ మీద పడే ఎండ 20 శాతం తగ్గిపోతుంది. మిద్దె మీద ప్యానెల్‌ని దక్షిణానికి వంచి పెట్టొచ్చు. కారు పైకప్పుని వంచలేం కదా.

ఇప్పుడు కారు కొలతలు. టేపు పెట్టి కొలిస్తే వాడుకోగలిగిన చదును భాగం 1.6 చదరపు మీటర్లు. ఇళ్ళ మీద పెట్టే 540 వాట్ల ప్యానెల్ సుమారు 2.6 చదరపు మీటర్లు ఉంటుంది, అది పట్టదు. 21 శాతం సామర్థ్యం ఉన్న చిన్నవి పరిస్తే కాగితం మీద 340 వాట్లు. వేడి, కంట్రోలర్ నష్టాలు తీసేస్తే చేతికొచ్చేది 260, 270 వాట్లు. మిద్దె మీద నేను చూసిన అంకెలతో ఇది సరిపోయింది.

అసలు పోలిక

కావాల్సింది 6,000. వచ్చేది 270. నాలుగున్నర శాతం. అది కూడా మిట్టమధ్యాహ్నం, నీడ లేని చోట.

నగరి నుంచి తిరుపతికి గంట ప్రయాణం అనుకుందాం. ఆ గంటలో ప్యానెల్ ఇచ్చేది 0.27 యూనిట్. అంటే రెండున్నర కిలోమీటర్లకి సరిపోయే కరెంటు. మిగతా 52 కిలోమీటర్లు బ్యాటరీయే మోయాలి. పుత్తూరు దాకా కూడా రాదు.

"ముందు ముందు ఇంకా మంచి ప్యానెల్స్ వస్తాయి కదా?" అని మీకు అనిపించొచ్చు. సరే, పడిన ఎండని 100కి 100 శాతం కరెంటుగా మార్చే ప్యానెల్ వచ్చిందనే అనుకుందాం. మధ్యాహ్నం చదరపు మీటరు మీద పడే ఎండే 1,000 వాట్లు. 1.6 చదరపు మీటర్ల మీద 1,600 వాట్లు. అప్పుడు కూడా 6,000కి చాలదు. ఇది టెక్నాలజీ లోపం కాదు. పైకప్పు చిన్నది, అంతే.

తిరగేసి చూద్దాం. 270 వాట్లతో మాత్రమే కారు నడపాలంటే, ఏసీ ఆపేసి, ఎలక్ట్రానిక్స్ తినేది పక్కన పెట్టినా, గంటకి 5 కిలోమీటర్ల వేగం వస్తుంది. మామకి ఇదే చెప్పాను: "తిరుమలకి నడిచిపోయే భక్తులు నీ కారుని దాటేసి పోతారు మామా."

రోడ్డు మీద ఏం జరిగింది?

నమ్మకం కుదరాలంటే మామకి చూపించాలి. ప్యానెల్‌ని కారు పైన క్యారియర్‌కి గట్టిగా కట్టి, వైరు లోపలికి తీసి, బ్యాటరీ వెనక సీటులో పెట్టి, పుత్తూరు దాకా పోయొచ్చాం. మీటరు మామ ఒళ్ళో ఉంది.

ఊరు దాటాక గాలికి ప్యానెల్ చల్లబడి 84 చూపించింది. మామ ముఖం వెలిగిపోయింది. తర్వాత చెట్ల నీడలోకి వెళ్ళగానే 20కి పడింది. లారీ పక్కన పోతే 35. మళ్ళీ 80. మళ్ళీ 15. ప్యానెల్‌లో సెల్స్ అన్నీ ఒకదాని వెనక ఒకటి గొలుసు లాగా ఉంటాయి. ఒక మూలన నీడ పడినా కరెంటు బాగా పడిపోతుంది. ఇంటి మిద్దెకి ఈ బాధ తక్కువ. కారు నిమిషానికోసారి నీడలో దూరి బయటికి వస్తుంది.

ఇంకో దెబ్బ గాలిది. స్టాండు కట్టి పైన ప్యానెల్ పెడితే గాలి అడ్డంకి పెరుగుతుంది. అది 7 శాతమే పెరిగిందనుకోండి. 80 వేగంలో గాలికి పోయేది 4,400 వాట్లు, అందులో 7 శాతం 300 వాట్లు. ప్యానెల్ ఇచ్చేది 270! సంపాదించినదాని కంటే ఖర్చే ఎక్కువ. అందుకే సోలార్ పైకప్పు ఇచ్చే కంపెనీలు సెల్స్‌ని పైకప్పులోనే కలిపేస్తాయి, పైన బల్ల లాగా నిలబెట్టవు.

వైరు ఎక్కడ కలుపుతారు?

కొటేషన్‌లో ఈ మాటే లేదు. కారు మోటారుని నడిపే పెద్ద బ్యాటరీ వందల వోల్టుల మీద ఉంటుంది. ప్యానెల్ ఇచ్చేది 20, 40 వోల్టులు. నేరుగా కలపలేం. ఓల్టేజ్ పెంచే కన్వర్టర్ కావాలి, బ్యాటరీని కాపలా కాసే బీఎంఎస్ దానికి ఒప్పుకోవాలి. బయటివాళ్ళు ఆ ఆరెంజ్ రంగు వైర్ల మీద చెయ్యి పెట్టడం ప్రాణాలతో చెలగాటం. వారంటీ పోవడం తర్వాతి మాట.

సులువు దారి ఒకటి చూపిస్తారు: ప్యానెల్ నుంచి వేరే బ్యాటరీకి, అక్కణ్ణుంచి ఇన్వర్టర్‌కి, ఇన్వర్టర్ నుంచి మామూలు ఛార్జింగ్ గన్‌కి. నిలబడి ఉన్నప్పుడు ఎలాగోలా అవుతుందేమో గానీ, గన్ పెట్టి ఉన్నంతసేపు ఎలక్ట్రిక్ కార్లు డ్రైవ్ గేర్‌లోకి వెళ్ళవు. వైరుతో సహా కదిలిపోకుండా కంపెనీలు పెట్టిన భద్రత అది. అంటే "పోతా పోతా ఛార్జింగ్" అనే మాట ఇక్కడే ఆగిపోయింది.

ఇక మిగిలింది బానెట్ కింద ఉండే చిన్న 12 వోల్టుల బ్యాటరీ. దానికి కలిపి, డిస్‌ప్లేలో ఛార్జింగ్ గుర్తు చూపించి డబ్బులు తీసుకోవచ్చు. అది లైట్లు, లాక్, మ్యూజిక్ సిస్టమ్ లాంటి వాటికి. చక్రాలకి దాంతో సంబంధం లేదు.

మరి సోలార్ వాహనాలు ఉన్నాయి కదా?

ఉన్నాయి. అవి ఎలా నడుస్తున్నాయో చూస్తే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది.

1987లో ఆస్ట్రేలియాలో డార్విన్ నుంచి అడిలైడ్ దాకా 3,000 కిలోమీటర్ల సోలార్ రేసులో జనరల్ మోటార్స్ వాళ్ళ సన్‌రేసర్ గెలిచింది. సగటు వేగం గంటకి దాదాపు 67 కిలోమీటర్లు, పూర్తిగా ఎండతోనే. కానీ దాని బరువు 300 కిలోల లోపు, ఒకే సీటు, ఆకారం బొద్దింక వీపు లాగా. ఏసీ లేదు, డిక్కీ లేదు, మామ గుడ్డల మూటలకి చోటు లేదు.

మనుషులు కొనుక్కునే కారుగా నెదర్లాండ్స్ కంపెనీ లైట్‌ఇయర్ 0 తెచ్చింది. 5 చదరపు మీటర్ల సెల్స్, ధర సుమారు రెండున్నర లక్షల యూరోలు. 2022 చివర్లో తయారీ మొదలుపెట్టి, 2023 జనవరిలోనే ఆపేశారు.

మన దేశంలో పుణెకి చెందిన వాయ్వే మొబిలిటీ 'ఈవా' అనే చిన్న కారుని 2025 జనవరిలో ఢిల్లీ ఎక్స్‌పోలో పెట్టింది. సోలార్‌తో ఏడాదికి 3,000 కిలోమీటర్ల దాకా వస్తుందని కంపెనీ చెప్తోంది. 365తో భాగించండి: రోజుకి 8 కిలోమీటర్లు. దానికి కూడా ప్లగ్ ఉంది. అది ఎండని అదనపు సంపాదనగా చూస్తోంది, జీతంగా కాదు.

రైల్వే వాళ్ళు 2017 జులైలో ఢిల్లీలో పెట్టెల మీద సోలార్ ప్యానెల్స్ ఉన్న డీఈఎంయూ రైలు మొదలుపెట్టారు. ఆ ప్యానెల్స్ నడిపేది లైట్లు, ఫ్యాన్లు. రైలుని లాగేది డీజిలే. అదే ఏడాది జనవరిలో కేరళలో వైకోం దగ్గర 'ఆదిత్య' అనే 75 మంది ఎక్కే సోలార్ పడవ మొదలైంది. అది బాగానే నడుస్తోంది. ఎందుకంటే దాని పైకప్పు మీద 20 కిలోవాట్ల ప్యానెల్స్ పట్టాయి, అది పోయేది నెమ్మదిగా. పెద్ద పైకప్పు, తక్కువ వేగం ఉంటే సోలార్ గెలుస్తుంది. చిన్న పైకప్పు, ఎక్కువ వేగం అయితే ఓడిపోతుంది.

మన కొండ ఇచ్చే కరెంటు

తిరుపతి, తిరుమల మధ్య 2022 నుంచి ఏపీఎస్‌ఆర్‌టీసీ ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. హైదరాబాద్ కంపెనీ ఒలెక్ట్రా తయారుచేసినవి. వాటి పైన సోలార్ ఎందుకు లేదని మామ అడిగాడు. కారుతోనే లెక్క వేద్దాం.

కింద నుంచి పైకి ఎత్తు సుమారు 700 మీటర్లు. 1,300 కిలోల కారుని అంత ఎత్తు లేపడానికే రెండున్నర యూనిట్లు కావాలి. ఎక్కే 40 నిమిషాల్లో ప్యానెల్ ఇచ్చేది 0.18 యూనిట్. కానీ దిగేటప్పుడు మోటారే జనరేటర్ లాగా పనిచేసి, బ్రేకుల్లో వేడిగా పోవాల్సిన శక్తిని బ్యాటరీకి వెనక్కి పంపుతుంది. టైర్లకి, గాలికి పోగా సుమారు ఒక యూనిట్ తిరిగొస్తుంది. రోజంతా ఎండలో నిలబెడితే వచ్చేదానికి దగ్గర దగ్గర, ఒక్క దిగుడులో. ఇందుకు ఏ ప్యానెలూ అక్కర్లేదు.

నిలబెట్టి ఉంచితే?

ఈ మాటకి మాత్రం మామ వైపు కొంచెం న్యాయం ఉంది. పొద్దున నుంచి సాయంత్రం దాకా నీడ లేని చోట నిలబెడితే, 340 వాట్ల ప్యానెల్స్‌కి నష్టాలు పోగా రోజుకి 1.3 యూనిట్ల దాకా రావచ్చు. 10 నుంచి 13 కిలోమీటర్లు. ఊళ్ళో మాత్రమే తిరిగేవాళ్ళకి అది తక్కువేం కాదు.

కానీ డబ్బు లెక్క చూడండి. ఏడాదిలో 300 మంచి ఎండ రోజులు అనుకుంటే 390 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు వేసుకున్నా 2,730 రూపాయలు. 85,000 తిరిగి రావడానికి 31 ఏళ్ళు! కారు అంతకాలం ఉండదు. పైగా రోజంతా ఎండలో మాడిన కారుని చల్లబరచడానికి ఏసీ ఇంకొంత తింటుంది. వేపచెట్టు నీడే నయం.

ప్యానెల్ తప్పు కాదు, చోటు తప్పు

వారం చివర్లో మామని మిద్దె మీదకి తీసుకెళ్ళాను. కారు పైకప్పు 1.6 చదరపు మీటర్లు. మామ మిద్దె 90 చదరపు మీటర్లు, ఎండకి ఊరికే ఎండుతోంది, వడియాలకి తప్ప దేనికీ వాడట్లేదు.

3 కిలోవాట్ల ప్యానెల్స్ దక్షిణానికి వంచి పెడితే మన ప్రాంతంలో రోజుకి సగటున 12 యూనిట్ల దాకా వస్తాయి. తిరుపతి ట్రిప్ ఒకటికి 11, 12 యూనిట్లు. అంటే ఒక్క రోజు ఎండ = ఒక తిరుపతి ట్రిప్. వారానికి మూడు ట్రిప్‌లు పోగా మిగతా నాలుగు రోజుల కరెంటు ఇంటికే. కేంద్రం 2024 ఫిబ్రవరిలో తెచ్చిన పీఎం సూర్య ఘర్ పథకంలో ఇంటి కనెక్షన్లకి 1 కిలోవాట్‌కి 30,000, 2 కిలోవాట్లకి 60,000, 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. మేం తీసుకున్న కొటేషన్‌లో సబ్సిడీ పోగా 1,10,000 పడుతోంది.

"పగలు కారు తిరపతిలో ఉంటాది కదరా, ఎండ వేస్టు కాదా?" అని మామ అడిగాడు. మంచి ప్రశ్న. దానికే నెట్ మీటర్. పగలు మిగిలిన కరెంటు లైన్‌లోకి పోయి లెక్కలో పడుతుంది, రాత్రి కారుకి పెట్టుకున్నప్పుడు ఆ లెక్కలోంచి తగ్గుతుంది. ఒక్కటి తెలుసుకోండి: బ్యాటరీ లేని మామూలు ఆన్-గ్రిడ్ సిస్టమ్ కరెంటు పోయినప్పుడు తనూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్ళకి షాక్ కొట్టకుండా అలా పెట్టారు.

ఎవరైనా మీ ఇంట్లోవాళ్ళకి కారు సోలార్ అమ్మజూపితే ఈ మూడు అడగండి:

1. మధ్యాహ్నం ఎన్ని వాట్లు వస్తాయి, కారు 60 వేగంలో ఎన్ని వాట్లు తింటుంది?
2. వైరు ఏ బ్యాటరీకి కలుపుతారు? పెద్దదానికా, 12 వోల్టులదానికా?
3. కారు కంపెనీ వారంటీ ఉంటుందని రాసిస్తారా?

మామ ఫోన్‌లో రెండో ప్రశ్న అడగ్గానే అవతలి మనిషి "వచ్చి మాట్లాడతా సార్" అన్నాడు. రాలేదు. అడ్వాన్స్‌లో 5,000 వెనక్కి వచ్చింది, 5,000 పోయింది. ఆ 5,000 నేను ఇస్తానంటే మామ తీసుకోలేదు. "ఉండనీరా. ఈసారి అడిగితే మాత్రం ఫోన్ పక్కన పెట్టి చెప్పు" అన్నాడు.

మిద్దె మీద సోలార్‌కి అప్లై చేశాం. నేను కొన్న 100 వాట్ల ప్యానెల్ ఇప్పుడు మగ్గాల షెడ్డు మీద ఉంది. కింద రెండు డీసీ ఫ్యాన్లు తిరుగుతున్నాయి.